వికలాంగుల హక్కులు: మన చట్టాలు నడిచిన దారి



ఈనాటి పాఠాన్ని మీకు బాగా తెలిసిన చోటి నుంచే మొదలుపెడదాం. అది పరీక్ష హాలు.

ప్రశ్నపత్రం అందరికీ ఒకటే. సమయం అందరికీ మూడు గంటలే. హాలు మొదటి అంతస్తులో ఉంది కాబట్టి అందరూ మెట్లు ఎక్కాల్సిందే. పరీక్ష రాయడానికి వచ్చినవాళ్లలో ఒక అమ్మాయికి చూపు లేదు. ఒక అబ్బాయి చక్రాల కుర్చీలో వచ్చాడు. ఇంకొకరికి కలం పట్టుకుంటే వేళ్లు బిగుసుకుపోతాయి. పరీక్ష నిర్వహిస్తున్న అధికారి నిజాయితీపరుడే. "నేను ఎవరి పట్లా తేడా చూపలేదు. అందరికీ ఒకే పేపరు, ఒకే సమయం ఇచ్చాను" అంటాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. అయినా ఆ ముగ్గురూ పరీక్ష రాయకుండానే ఇంటికి వెళ్లిపోయారు.

ఇక్కడ వివక్ష జరిగిందా, జరగలేదా? పాఠం చివరి వరకు ఈ ప్రశ్నను మనసులో ఉంచుకోండి. "జరిగింది" అనే జవాబును మన దేశం ఒక చట్టంలో స్పష్టమైన మాటల్లో రాసుకోవడానికి 2016 దాకా పట్టింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన తర్వాత 66 ఏళ్లకు అన్నమాట. ఇంత కాలం ఎందుకు పట్టింది? ఆ మాట చట్టంలోకి ఎలా వచ్చింది? ఇదే ఈనాటి మన కథ.

ముందుగా పదాల సంగతి

మన ఊళ్లలో మనిషి పేరుకు ముందు అతని లోపాన్ని తగిలించి పిలిచే అలవాటు ఒకటి ఉండేది. ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. ఆ పిలుపులో అతని పేరు, చదువు, పనితనం అన్నీ వెనక్కి పోయి లోపం ఒక్కటే ముందు నిలబడుతుంది. ప్రభుత్వ కాగితాల్లో చాలాకాలం "వికలాంగులు" అనే మాట వాడారు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ "దివ్యాంగులు" అనే మాటను సూచించారు. ఆంధ్రప్రదేశ్‌లో "విభిన్న ప్రతిభావంతులు" అనే మాట వాడుకలోకి వచ్చింది. అంతర్జాతీయ ఒప్పందాలూ, మన తాజా చట్టమూ మాత్రం "వైకల్యం ఉన్న వ్యక్తులు" అంటాయి. ముందు వ్యక్తి, వైకల్యం ఆ వ్యక్తికి ఉన్న అనేక విషయాల్లో ఒకటి అని దాని భావం. ఈ పాఠంలో మనం వాడుకలో ఉన్న "వికలాంగులు" అనే మాటతో పాటు దీన్నీ వాడుకుందాం.

వలస పాలన నాటి చట్టాలు

బ్రిటిష్ పాలనలో వికలాంగుల గురించి చట్టాలు లేకపోలేదు. కానీ అవి ఎవరిని రక్షించడానికి పుట్టాయో గమనించండి. 1898లో కుష్ఠు రోగుల చట్టం వచ్చింది. కుష్ఠువ్యాధి ఉండి బతుకుదెరువు లేని మనిషిని వారంటు లేకుండా పట్టుకుని ఆశ్రమంలో నిర్బంధించే అధికారాన్ని అది పోలీసులకు ఇచ్చింది. కొన్ని వృత్తులు చేయకూడదనీ, ప్రజల బావుల దగ్గర స్నానం చేయకూడదనీ ఆంక్షలు పెట్టడానికి వీలు కల్పించింది. 1912 నాటి ఉన్మాదుల చట్టం మానసిక రోగులను మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ఆసుపత్రిలో బంధించే పద్ధతిని ఏర్పరచింది. రెండు చట్టాల ఉద్దేశం ఒక్కటే. వారి నుంచి సమాజాన్ని కాపాడటం. సమాజం నుంచి వారిని కాపాడాలనే ఆలోచన వాటిలో కనిపించదు.

చదువు విషయానికి వస్తే, అంధుల కోసం దేశంలో తొలి పాఠశాల 1887లో అమృత్‌సర్‌లో క్రైస్తవ మిషనరీల చేతుల మీదుగా మొదలైంది. ఆ తర్వాత పలు నగరాల్లో ఇలాంటి బడులు వచ్చాయి. అవన్నీ దాతల మంచితనం మీద నడిచాయి. చదువు చెప్పమని అడిగే హక్కు మాత్రం ఆ పిల్లలకు లేదు.

రాజ్యాంగం ఇచ్చినది, ఇవ్వనిది

1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానులే అంటుంది. మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ప్రభుత్వం ఎవరి పట్లా వివక్ష చూపకూడదని 15వ అధికరణం చెబుతుంది. ఈ జాబితాను మరోసారి చదవండి. అందులో "వైకల్యం" అనే మాట లేదు. ఇప్పటికీ లేదు.

అయితే వికలాంగుల ప్రస్తావన ఎక్కడ ఉంది? ఆదేశిక సూత్రాల్లోని 41వ అధికరణంలో ఉంది. నిరుద్యోగం, వార్ధక్యం, జబ్బు, వైకల్యం వంటి సందర్భాల్లో ప్రజలకు ప్రభుత్వ సాయం అందాలని అది చెబుతుంది. కానీ దానికి ముందే ఒక షరతు ఉంది. ప్రభుత్వం తన ఆర్థిక స్తోమత, అభివృద్ధి మేరకు ఇది చేయాలట. పైగా ఆదేశిక సూత్రాలను అమలు చేయమని కోర్టుకు వెళ్లి పట్టుబట్టే వీలు లేదు. అంటే వికలాంగులు రాజ్యాంగంలో సాయం పొందేవారిగా కనిపించారు, హక్కు అడిగేవారిగా కాదు. "స్తోమత మేరకు" అనే ఆ మాటను గుర్తుంచుకోండి. అది మన కథలో మళ్లీ వస్తుంది.

చట్టం ఇలా ఉన్నా మనుషులు ఊరుకోలేదు. చూపులేని న్యాయవాది సాధన్ గుప్తా 1953లో కలకత్తా నుంచి ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు. తర్వాతి కాలంలో ఆయన పశ్చిమ బెంగాల్ అడ్వకేట్ జనరల్‌గానూ పనిచేశారు. దేశానికి చట్టాలు చేసే సభలో ఒక అంధుడు కూర్చోగలిగాడు. అదే దేశంలో అంధులైన మామూలు పట్టభద్రులు ఐఏఎస్ పరీక్ష రాయడానికి ఇంకో నలభై ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

ఉద్యోగాల తలుపు

1977లో కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి, గ్రూప్ డి ఉద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఇది మేలైన అడుగే. కానీ కింది స్థాయి ఉద్యోగాలకే పరిమితమైంది. పైగా ఇది ప్రభుత్వ ఉత్తర్వు మాత్రమే, పార్లమెంటు చేసిన చట్టం కాదు.

అంధుల జాతీయ సమాఖ్య సుప్రీంకోర్టుకు వెళ్లింది. సివిల్ సర్వీసుల పరీక్షను అంధులు బ్రెయిలీ లిపిలో గానీ, స్క్రైబ్ సాయంతో గానీ రాయడానికి అనుమతించాలని కోరింది. వారికి తగినవిగా గుర్తించిన పోస్టుల కోసం అలా పోటీ పడవచ్చునని 1993లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన పరీక్ష హాలులోని మొదటి విద్యార్థికి ఆ రోజున ఒక తలుపు కొంచెం తెరుచుకుంది.

1995 చట్టం

ఇదే సమయంలో ప్రపంచంలోనూ కదలిక వచ్చింది. ఐక్యరాజ్యసమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. 1990లో అమెరికా వికలాంగుల పట్ల వివక్షను నిషేధిస్తూ సమగ్రమైన చట్టం చేసింది. 1992 డిసెంబరులో ఆసియా, పసిఫిక్ దేశాలు బీజింగ్‌లో సమావేశమై వికలాంగుల సమాన భాగస్వామ్యం కోసం ఒక ప్రకటన చేశాయి. మన దేశం దానికి సమ్మతి తెలిపింది. ఇచ్చిన మాటకు చట్టరూపం ఇవ్వాల్సి వచ్చింది.

కానీ బిల్లు ముందుకు కదలలేదు. 1995 డిసెంబరులో, పార్లమెంటు సమావేశాలు జరుగుతుండగా, వికలాంగులు ఢిల్లీ వీధుల్లోకి వచ్చి ప్రదర్శన చేశారు. వారిని కూడగట్టినవారిలో జావేద్ అబీదీ ఒకరు. ఆయన స్వయంగా చక్రాల కుర్చీ వాడేవారు. ఆ నెలలోనే బిల్లు ఆమోదం పొందింది. 1996 ఫిబ్రవరి 7న వికలాంగుల సమాన అవకాశాలు, హక్కుల పరిరక్షణ, పూర్తి భాగస్వామ్య చట్టం అమల్లోకి వచ్చింది.

ఈ చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్‌ను చట్టబద్ధం చేసింది. పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య అందాలని చెప్పింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తీసేయకూడదని 47వ సెక్షన్‌లో స్పష్టం చేసింది.

ఇక లోపాలు చూద్దాం. రోడ్లు, రవాణా, ప్రభుత్వ భవనాల గురించి చెప్పే సెక్షన్లలో మన పాత పరిచయం మళ్లీ కనిపిస్తుంది. ర్యాంపులు కట్టాలి, "ఆర్థిక స్తోమత, అభివృద్ధి మేరకు" కట్టాలి! నిధులు లేవని చెప్పే అధికారికి ఆ ఒక్క మాట చాలు. రెండో లోపం ఇంకా లోతైనది. వివక్ష అంటే ఏమిటో ఈ చట్టం ఎక్కడా నిర్వచించలేదు. మన పరీక్ష హాలు అధికారిని ఈ చట్టం ముందు నిలబెడితే, "నేను అందరినీ ఒకేలా చూశాను" అనే ఆయన వాదనకు సూటిగా జవాబు దొరకదు.

కోర్టు మెట్లెక్కినవారు

చట్టం పుస్తకంలో ఉంటే సరిపోదు. దాన్ని పట్టుకుని అడిగేవారు కావాలి. అలా అడిగినవారి వల్ల ఏమేం మారిందో చూడండి.

విమాన ప్రయాణంలో అంధులకు ఉన్న చార్జీల రాయితీని తీవ్రమైన శారీరక వైకల్యం ఉన్నవారికీ ఇవ్వాలని జావేద్ అబీదీ వేసిన కేసులో 1998 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. విధి నిర్వహణలో గాయపడి కాలు పోగొట్టుకున్న ఒక కానిస్టేబుల్‌ను ఉద్యోగం నుంచి పంపించేస్తే, అది చెల్లదని 2003లో తీర్పు ఇచ్చింది. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని చూపించాలి, అదీ కుదరకపోతే అదనపు పోస్టులో ఉంచాలి, అంతే గానీ ఇంటికి పంపకూడదు అనేది 47వ సెక్షన్ సారాంశం. రిజర్వేషన్‌ను "గుర్తించిన" కొద్ది పోస్టుల మీద కాకుండా మొత్తం ఖాళీల మీద లెక్కగట్టాలని 2013లో మరో తీర్పు వచ్చింది.

లెక్కల్లో చేరడం కోసమూ పోరాడాల్సి వచ్చిందంటే మీరు నమ్మరేమో! 1981 జనాభా లెక్కల్లో వైకల్యం గురించి అడిగారు. 1991లో ఆ ప్రశ్నే తీసేశారు. సంఘాలు గట్టిగా అడగడంతో 2001లో మళ్లీ చేర్చారు. అప్పుడు 2.19 కోట్ల మంది వికలాంగులు ఉన్నట్టు తేలింది. 2011 నాటికి ఆ సంఖ్య 2.68 కోట్లు. లెక్కలోకి రానివారికి బడ్జెట్‌లో చోటు ఎక్కడి నుంచి వస్తుంది?

మన తెలుగు నేల నుంచి ఒక ఉదాహరణ. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినా ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి అనుమతి దొరకలేదు. బొమ్మలు, గ్రాఫులు ఉన్న పాఠాలు అంధులు చదవలేరనే పాత నమ్మకమే అడ్డుగా నిలిచింది. ఆయన కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకున్నారు. సైన్సు చదివారు. ఆ తర్వాత అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరి పట్టా పొందారు. మరి కోర్టుకు వెళ్లే దారి తెలియక, ఇష్టం లేని కోర్సులో చేరిపోయిన పిల్లల సంగతి ఏమిటి? ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క కేసు గెలవాల్సి వస్తే దాన్ని హక్కు అనలేం.

నిర్వచనం మారింది

2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. భారతదేశం దానిపై 2007 మార్చి 30న సంతకం చేసి, అదే ఏడాది అక్టోబరు 1న ధ్రువీకరించింది. ఈ ఒప్పందం ఆలోచననే తిరగేసింది. మనిషి చక్రాల కుర్చీలో ఉండటం ఒక్కటే సమస్య కాదు. భవనానికి మెట్లు మాత్రమే ఉండటం సమస్య. శరీరంలోని లోపమూ, సమాజం పెట్టిన అడ్డంకీ కలిసినప్పుడే వైకల్యం ఏర్పడుతుందని అది చెప్పింది. శరీరాన్ని మార్చలేకపోవచ్చు గానీ, మెట్ల పక్కన ర్యాంపు కట్టవచ్చు కదా.

ఒప్పందానికి తగ్గ చట్టం కోసం తొమ్మిదేళ్లు పట్టింది. ఈలోగా 2012 ఫిబ్రవరిలో, సెరెబ్రల్ పాల్సీ ఉన్న హక్కుల కార్యకర్త జీజా ఘోష్‌ను కోల్‌కతాలో ఒక ప్రైవేటు విమానం నుంచి దించేశారు. ఆమె వెళ్తున్నది గోవాలో జరిగే ఒక సదస్సుకు. 2016 మే నెలలో సుప్రీంకోర్టు ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆ సంస్థను ఆదేశించింది.

అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టాన్ని ఆమోదించింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లోకి వచ్చింది. గుర్తించిన వైకల్యాలు ఏడు నుంచి ఇరవై ఒకటికి పెరిగాయి. ఆటిజం, అభ్యసన వైకల్యాలు, యాసిడ్ దాడి బాధితులు, తలసీమియా, సికిల్ సెల్ వ్యాధి కూడా వాటిలో ఉన్నాయి. ఉద్యోగాల్లో రిజర్వేషన్ 4 శాతమైంది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు కేటాయించాలి.

కానీ ఈ చట్టంలో అన్నిటికంటే విలువైనది ఒక నిర్వచనం. వైకల్యం కారణంగా ఒకరి హక్కులను దెబ్బతీసే ఉద్దేశంతో చేసినదే కాదు, అలాంటి ఫలితం వచ్చే ఏ తేడా అయినా, ఏ మినహాయింపు అయినా, ఏ ఆంక్ష అయినా వివక్షే అంటుంది ఆ నిర్వచనం. అంటే "నా ఉద్దేశం మంచిదే" అనే సమాధానం ఇక చాలదు. అంతేకాదు, "సహేతుకమైన సదుపాయం" నిరాకరించడం కూడా వివక్షే. సంస్థ మీద మితిమీరిన భారం పడకుండా, ఆ వ్యక్తికి అవసరమైన మార్పు చేసి పెట్టడమే సహేతుకమైన సదుపాయం. అది ఒక స్క్రైబ్ కావచ్చు, అదనపు సమయం కావచ్చు, తరగతిని కింది అంతస్తుకు మార్చడం కావచ్చు.

ఇరుగుపొరుగు దేశాలు

ఈ ప్రయాణం మనది ఒక్కరిదే కాదు. పాకిస్తాన్ 1981లో ఉద్యోగాల కోటాతో ఒక ఆర్డినెన్సు తెచ్చింది. నేపాల్ 1982లో వికలాంగుల రక్షణ, సంక్షేమ చట్టం చేసింది. శ్రీలంక 1996లో వికలాంగుల హక్కుల రక్షణ చట్టం తెచ్చింది. బంగ్లాదేశ్ 2001లో సంక్షేమ చట్టం చేసి, 2013లో దాని స్థానంలో హక్కుల చట్టం తెచ్చింది. నేపాల్ కూడా 2017లో హక్కుల చట్టం చేసింది. చట్టాల పేర్లలోనే వచ్చిన మార్పు చూశారా? "సంక్షేమం" అనే మాట ఉన్న చోట "హక్కులు" అనే మాట వచ్చింది. సంక్షేమం ఇచ్చేవారి చేతిలో ఉంటుంది. హక్కు అడిగేవారి చేతిలో ఉంటుంది.

చట్టం తర్వాత

2016 చట్టంతో కథ ముగిసిందా? లేదు. కలం పట్టుకుంటే చేయి బిగుసుకుపోయే ఒక అభ్యర్థికి సివిల్ సర్వీసుల పరీక్షలో స్క్రైబ్‌ను నిరాకరించారు. 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటేనే స్క్రైబ్ అన్నారు. 40 శాతం పరిమితి రిజర్వేషన్ల వంటి వాటికే గానీ, సహేతుకమైన సదుపాయానికి కాదని 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తేల్చింది. మన పరీక్ష హాలులోని మూడో విద్యార్థికి జవాబు అలా దొరికింది.

మెట్ల దగ్గర ఆగిపోయిన రెండో విద్యార్థి సంగతి? ఉన్న ప్రభుత్వ భవనాలన్నిటినీ నియమావళి వచ్చిన ఐదేళ్లలో అందరికీ అందుబాటులోకి తేవాలని 2016 చట్టం గడువు పెట్టింది. నియమావళి 2017 జూన్‌లో వచ్చింది. ఆ లెక్కన గడువు 2022 జూన్‌తో ముగిసింది. మీ ఊరి తహసీల్దారు కార్యాలయానికీ, బస్టాండుకూ ఒకసారి వెళ్లి చూడండి. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మళ్లీ చేపట్టింది. సదుపాయాల ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదనీ, తప్పనిసరి నియమాలుగా ఉండాలనీ చెప్పి, మూడు నెలల్లో వాటిని రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 మార్చి 3న మరో తీర్పులో, చూపు లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ న్యాయాధికారి ఉద్యోగాల పోటీకి దూరంగా ఉంచకూడదని చెప్పింది. పరీక్ష రాయనివ్వమని 1993లో కోర్టును అడిగినవారి తర్వాతి తరం, ఇప్పుడు తీర్పు చెప్పే పీఠానికే పోటీ పడవచ్చు.

ఇంకో చిక్కు కాగితాలది. చట్టంలోని చాలా ప్రయోజనాలకు వైకల్య ధ్రువపత్రం కావాలి. మన రాష్ట్రాల్లో "సదరం" శిబిరాల పేరు మీరు వినే ఉంటారు. మూడు చక్రాల బండిపై ఆసుపత్రికి చేరి, వరసలో నిలబడలేక నిలబడి ధ్రువపత్రం తెచ్చుకునేవారిని చూస్తే, హక్కు పొందడానికి కూడా ఎంత దూరం నడవాలో అర్థమవుతుంది. నడవలేనివారికి ఆ దూరం ఇంకా ఎక్కువ.

తిరిగి పరీక్ష హాలుకు

విద్యార్థులారా, ఇప్పుడు మన అధికారి దగ్గరికి వెళదాం. ఆయన చెడ్డవాడు కాదు. అందరికీ ఒకే కొలత ఇస్తే న్యాయం చేసినట్టే అని నమ్మాడు. 2016 చట్టం ఆయనకు చెప్పేది ఇదే. ప్రశ్నపత్రం కఠినత్వాన్ని తగ్గించనక్కర్లేదు. మార్కులు ఊరికే వేయనక్కర్లేదు. ఆ ముగ్గురూ తమకు వచ్చింది రాయడానికి వీలు కల్పించు. వీలు ఉండీ కల్పించకపోతే నువ్వు వివక్ష చూపినట్టే.

మీలో రేపు ఉపాధ్యాయులయ్యేవారు, ఇంజనీర్లయ్యేవారు, అధికారులయ్యేవారు ఉన్నారు. మీ చేతుల మీదుగా భవనాల నమూనాలు, వెబ్‌సైట్లు, టైంటేబుళ్లు తయారవుతాయి. అవి తయారయ్యేటప్పుడే "ఇందులోంచి ఎవరు బయట ఉండిపోతారు?" అని ఒకసారి అడగండి. కట్టేశాక కోర్టు చెబితే మార్చడం కంటే, కట్టకముందు ఆలోచించడం సులువు.

ఆలోచించండి

1. రాజ్యాంగంలోని 41వ అధికరణానికీ, 1995 చట్టానికీ మధ్య మీరు గమనించిన పోలిక ఏమిటి?
2. "అందరినీ ఒకేలా చూడటం", "అందరినీ సమానంగా చూడటం" ఈ రెండింటికీ తేడా ఏమిటి? మీ బడి నుంచి ఒక ఉదాహరణతో రాయండి.
3. మీ పాఠశాల లేదా కళాశాల ద్వారం నుంచి గ్రంథాలయం దాకా చక్రాల కుర్చీలో వెళ్లాలంటే ఎన్ని అడ్డంకులు ఎదురవుతాయి? ఒక రోజు లెక్కపెట్టి, ఆ జాబితాను మీ ప్రధానోపాధ్యాయులకు లేదా ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి.